సోమర్‌విల్ సైకిల్ రేసుకి మొదటిసారి వెళ్తున్నాం: ఎక్కడ నిలబడాలి, ఏం చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరుండేది ఎడిసన్‌లో. యుద్ధంలో పోయినవాళ్లని తలుచుకునే మెమోరియల్ డే రోజు న్యూజెర్సీ సోమర్‌విల్‌లో జరిగే సైకిల్ రేసులో మీవారు మొదటిసారి, కొత్తవాళ్ల విభాగంలో దిగుతున్నారు. ఇండియా నుంచి వచ్చిన మీ అత్తయ్యగారు, మామయ్యగారు, ఏడేళ్ల పాప కూడా వస్తున్నారు. వీడియోల్లో చూస్తే గుంపంతా అయిదు సెకన్లలో దాటిపోతోంది, ఎవరు ముందున్నారో ఎవరు వెనకబడ్డారో తెలియట్లేదు. మరి అంతసేపు నిలబడి ఏం చూడాలి, పెద్దవాళ్లని తీసుకెళ్లడం మంచిదేనా అని అడిగారు.

తప్పకుండా తీసుకెళ్లండి. సూటిగా చెప్పాలంటే నా సమాధానం ఇది: అందర్నీ చూడాలనుకోకండి, రేసంతా ఒకే చోట నిలబడకండి. మీరు చూడాల్సినవి రెండే. ఒకటి, గుంపులో మీవారు ఎన్నో స్థానంలో ఉన్నారు. రెండు, ముందు వెళ్తున్నవాళ్లకీ వెనక తరుముతున్నవాళ్లకీ మధ్య ఎన్ని సెకన్ల తేడా ఉంది. మొదటి కొన్ని ల్యాపులు, అంటే చుట్లు, ఏదైనా మలుపు దగ్గర చూడండి. మధ్యలో మైకు బాగా వినిపించే చోటికి రండి. చివరి అయిదారు ల్యాపులకి ఆఖరి మలుపుకీ ఫినిష్ లైనుకీ మధ్య, లైను ఇంకా రెండు వందల మీటర్లు ఉందనగా నిలబడండి.

నేను ఈ రేసు మొదటిసారి 2011లో చూశాను. అప్పట్నుంచి వీలైన ప్రతి ఏడూ వెళ్తున్నాను. ఏడెనిమిదేళ్లుగా చుట్టుపక్కల క్లబ్బులు పెట్టే చిన్న రేసుల్లో పసుపు జాకెట్టు వేసుకుని, చేతిలో విజిల్‌తో మలుపుల దగ్గర మార్షల్‌గా, అంటే దారి కాపలాగా, కూడా ఉంటున్నాను. కింద చెప్పేదంతా అక్కడ నిలబడి చూసినదే.

మొదట ఆ అయిదు సెకన్ల సంగతి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లే రేసైతే మీ భయం నిజమే. టూర్ డి ఫ్రాన్స్‌లో జనం పొద్దున్నుంచీ రోడ్డు పక్కన కూర్చుని ఒక్కసారి చూసి ఇంటికి వెళ్తారు. సోమర్‌విల్ అలాంటిది కాదు. ఊరి మధ్య వీధులు మూసేసి, మైలు పైచిలుకు ఉండే చుట్టులోనే తిప్పి తిప్పి నడిపిస్తారు. దీన్ని క్రైటీరియం అంటారు, సైకిల్ వాళ్ల మాటల్లో ‘క్రిట్’. రెండు మూడు నిమిషాలకోసారి అందరూ మళ్లీ మీ ముందుకే వస్తారు. మన ఊళ్లలో స్కూలు గ్రౌండులో మూడు రోజులపాటు సైకిల్ దిగకుండా తొక్కేవాళ్లని మీ మామయ్యగారు తప్పకుండా చూసి ఉంటారు. చుట్టూ తిరిగే సైకిల్‌ని ఒకచోట నిలబడి చూడటం ఆయనకి కొత్త కాదు. ఈ పోలిక చెప్పే మా నాన్నని నేను మొదటిసారి తీసుకెళ్లాను. ఆయన ఒక గంటలో అన్నీ అడిగి తెలుసుకున్నారు.

ఇక పొద్దున్న మీరు చేయగలిగిన ముఖ్యమైన పని ఒకటుంది, నంబరు పిన్ను చేయడం. రైడర్ తన వీపుకి తాను సరిగ్గా పిన్ను పెట్టుకోలేడు. ఫినిష్ దగ్గర కెమెరా, జడ్జీలు ఏ వైపు ఉంటే నంబరు ఆ వైపుకి కనబడాలి. కుడా ఎడమా అన్నది రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర రాసి పెడతారు, అడిగినా చెబుతారు. జెర్సీ వేసుకున్నాక ఆయన్ని సైకిల్ మీద ఉన్నట్టు ముందుకి వంగమని, అప్పుడు పిన్నులు పెట్టండి. నిటారుగా నిలబెట్టి పెడితే, వంగేసరికి బట్ట లాగి నంబరు సంచిలా ఉబ్బుతుంది, గాలికి టపటపా కొట్టుకుంటుంది. నాలుగు మూలలా పెట్టి ఊరుకోకుండా మధ్యలో ఇంకో రెండు మూడు పిన్నులు పెట్టండి. జెర్సీ వెనక జేబులు కుట్టుకుపోకుండా చూసుకోండి, అందులోంచే ఆయన తినేది తీసుకోవాలి.

పిన్ను చేశాక ఆ నంబరు ఫోన్లో ఫోటో తీసుకుని పెట్టుకోండి. తర్వాత ఆయన్ని వదిలేయండి. రేసుకి ముందు అరగంట సేపు ఆయన వార్మప్ చేస్తారు, మాట్లాడే స్థితిలో ఉండరు. కోపం కాదది, టెన్షన్. అత్తయ్యగారికి ఈ మాట ముందే చెప్పి ఉంచండి. లేకపోతే “పిలిచినా పలకట్లేదేమిటి” అని ఆవిడ బాధపడతారు.

మనిషిని ఎలా గుర్తుపట్టాలి? ముఖం చూసి గుర్తుపట్టడం కుదరదు. హెల్మెట్, కళ్లద్దాలు, వంగిన తల, పైగా ఒకే క్లబ్బు జెర్సీలో ఆరేడుగురు ఉంటారు. హెల్మెట్ రంగు, మేజోళ్ల రంగు ఈ రెండూ గుర్తుపెట్టుకోండి. ఇంకా కొనకపోతే ఎవరూ వేసుకోని ముదురు రంగు మేజోళ్లు ఒక జత కొనిపెట్టండి. పాదాలు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి కాబట్టి కంటికి ముందు అవే తగులుతాయి. పాపకి ఆ పని అప్పగించండి. పిల్లలు పెద్దవాళ్లకన్నా ముందే పట్టేస్తారు, ఇది నేను చాలాసార్లు చూశాను.

మొదటి ల్యాపులకి మలుపు దగ్గర నిలబడమన్నాను కదా, ఎందుకంటే రేసు అసలు రూపం అక్కడే తెలుస్తుంది. తిన్నటి రోడ్డు మీద అందరూ ఒకే వేగంతో వెళ్తున్నట్టుంటుంది. మలుపులో ఆ తేడా బయటపడుతుంది. ముందు అయిదారుగురు రోడ్డు బయటి అంచు నుంచి లోపలికి కోసుకుంటూ వచ్చి మళ్లీ బయటి అంచుకి తేలతారు. వాళ్లు బ్రేకు పెద్దగా పట్టరు. వెనక ఉన్నవాళ్లకి ఆ దారి ఉండదు, ముందు మనిషి ఉంటాడు. వాళ్లు బ్రేకు పట్టాలి, మలుపు తిరగ్గానే మళ్లీ లేచి నిలబడి తొక్కాలి. ఇరుకు వంతెన దగ్గర వరసగా ఆగిన లారీల్ని గుర్తు తెచ్చుకోండి. మొదటి లారీ హాయిగా సాగిపోతుంది, ఇరవయ్యో లారీ మాత్రం ఆగుతూ కదులుతూ ఇంజను వేడెక్కించుకుంటుంది. గుంపు తోకలో ఉన్నవాడి పని అదే. ప్రతి మలుపులో, ప్రతి ల్యాపులో అలా తొక్కి తొక్కి కాళ్లు ముందే అయిపోతాయి. కళ్లు మూసుకుని విన్నా తెలుస్తుంది. గుంపు ముందు భాగం దాటేటప్పుడు టైర్ల హోరు ఒక్కటే వినిపిస్తుంది. తోక దాటేటప్పుడు బ్రేకుల కీచు, గేర్లు మార్చే టకటక, “లోపల ఉన్నా, లోపల ఉన్నా” అని ఒకరినొకరు హెచ్చరించుకునే కేకలు వినిపిస్తాయి.

ఇప్పుడు పెద్దవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న. మా నాన్న కూడా మొదటి పది నిమిషాల్లోనే అడిగారు: “మనవాడు వెనక ఉన్నాడే, ఓడిపోతున్నాడా?”

వెనక ఉండటం ఓడిపోవడం కాదు. ఈ ఆటలో పెద్ద శత్రువు గాలి. ముందువాడి వెనక చక్రానికి అడుగున్నర దూరంలో అంటిపెట్టుకుని వెళ్తే, అదే వేగానికి సుమారు మూడో వంతు శ్రమ తగ్గుతుంది. దీన్నే డ్రాఫ్టింగ్ అంటారు. అందుకే అందరికన్నా ముందు తొక్కుతున్నవాడు మిగతావాళ్లందరి కోసం గాలిని చీల్చి పెడుతున్నాడు. ఒంటరిగా ల్యాపుల తరబడి ముందు కనబడితే ఇంట్లోవాళ్లు చప్పట్లు కొడతారు గానీ, అనుభవం ఉన్నవాళ్లు అయ్యో అనుకుంటారు. కొత్తవాళ్లు మొదటి రేసులో ఎక్కువగా చేసే తప్పు ఇదే. మా వీధిలో ఉండే ఒక తమ్ముడు తన మొదటి రేసులో తొలి నాలుగు ల్యాపులు తనే ముందుండి లాగాడు. వాళ్లావిడ ఆనందంతో గంతులేసింది. ఏడో ల్యాపులో అతను ఆఖరివాడు, తొమ్మిదో ల్యాపుకి గుంపులోనే లేడు.

అలాగని మరీ తోకలో ఉండటమూ మంచిది కాదని పైన లారీల సంగతిలో చెప్పాను. యాభై అరవై మంది గుంపులో ఎనిమిది నుంచి పదిహేను మధ్య స్థానం చాలా బావుంటుంది. మీవారు అక్కడ కనబడుతుంటే రేసు బాగా తొక్కుతున్నారని మామయ్యగారికి ధైర్యంగా చెప్పండి. ఇరవై అయిదు, ముప్ఫై, నలభై అని ల్యాపు ల్యాపుకీ వెనక్కి జారుతుంటే అలసిపోతున్నారని అర్థం. ఒక్క ల్యాపు చూసి ఏమీ తేల్చకండి, మూడు నాలుగు ల్యాపులు వరసగా చూస్తే తెలుస్తుంది.

ఇక రెండోది, లెక్కపెట్టడం. సైకిల్ రేసు చూడటం వచ్చిందా రాలేదా అన్నదానికి నా దృష్టిలో గుర్తు ఇదొక్కటే. ఎవరైనా ఇద్దరు ముగ్గురు గుంపు నుంచి విడిపోయి ముందుకి వెళ్లారనుకోండి, దాన్ని బ్రేక్ అంటారు. మీ ఎదురుగా ఉన్న ఒక కరెంటు స్తంభాన్నో, బ్యాంకు బోర్డునో గుర్తుగా పెట్టుకోండి. ముందువాడు దాన్ని దాటగానే “ఒకటీ, రెండూ, మూడూ” అని మొదలుపెట్టి, గుంపులో మొదటి మనిషి దాటేదాకా లెక్కించండి. ఫోన్లో స్టాప్‌వాచ్ ఉన్నా నోటితో లెక్కిస్తేనే పాపకి బావుంటుంది. ఈ ల్యాపులో ఆరు వచ్చింది, తర్వాత తొమ్మిది, తర్వాత పదమూడు అంటే గుంపు పట్టించుకోవట్లేదు, వాళ్లు నిజంగానే వెళ్లిపోతున్నారు. పదమూడు, పది, ఆరు అని తగ్గుతుంటే ఎవరో వెనక గట్టిగా లాగుతున్నారు, ఇంకో రెండు ల్యాపుల్లో పట్టేస్తారు. గంటకి 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 11 మీటర్లు. పది సెకన్లంటే నూట పది మీటర్ల దూరం. మలుపు తిరిగాక ముందువాడు వెనకవాళ్ల కంటికి కనబడడు, అప్పుడు తరిమేవాళ్లకి ఉత్సాహం తగ్గుతుంది. ఈ లెక్క మొదలుపెట్టాక రెండు నిమిషాల ఖాళీ ఖాళీగా అనిపించదు. ఈసారి ఎంత వస్తుందోనని మెడ చాచి ఎదురుచూస్తారు.

బ్రేక్‌లో ఉన్నవాళ్ల క్లబ్బుకి చెందినవాళ్లు గుంపులో ముందుకొచ్చి ఊరికే కూర్చున్నట్టు తొక్కుతుంటే ఆశ్చర్యపోకండి. ముందున్న తమవాడిని కాపాడటానికి కావాలనే వేగం చంపుతున్నారు. కొత్తవాళ్ల రేసులో ఇది తక్కువ, మధ్యాహ్నం జరిగే పెద్ద రేసులో స్పష్టంగా కనిపిస్తుంది.

మధ్యలో మైకు దగ్గరికి రమ్మన్నది గంట కోసం. రేసు మధ్యలో ఉన్నట్టుండి గంట కొడతారు. కొత్తగా వచ్చినవాళ్లు ఆఖరి ల్యాపు అనుకుంటారు. కాదు, అది ప్రీమ్. వచ్చే ల్యాపులో లైను ముందుగా దాటినవాళ్లకి ఒక చిన్న బహుమతి. ఊళ్లో ఏదో ఒక షాపో రెస్టారెంటో కొంత డబ్బు ఇస్తుంది, కొన్నిసార్లు చూడటానికి వచ్చినవాళ్లే అప్పటికప్పుడు జేబులోంచి ఇస్తారు. ఎవరిచ్చారో, ఎంతిచ్చారో మైకులో చదువుతారు. మన పెళ్లిళ్లలో చదివింపులు గుర్తొస్తాయి నాకు. సైకిల్ దిగకుండా తొక్కేవాడి చొక్కాకి మనవాళ్లు నోట్లు గుచ్చేవారు కదా, అదే అభిమానం ఇక్కడ ఇంకో రూపంలో ఉంది. ప్రీమ్ ల్యాపులో వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. అది అయిపోగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. తెలివైనవాడు సరిగ్గా ఆ క్షణంలోనే విడిపోయి ముందుకి వెళ్తాడు. అందుకే గంట కొట్టిన ల్యాపు కన్నా దాని తర్వాతి ల్యాపుని జాగ్రత్తగా చూడండి. ఇంకా ఎన్ని ల్యాపులున్నాయో ఫినిష్ దగ్గర అంకెల బోర్డు మీద కనిపిస్తుంది. అక్కడ 1 అని ఉండి గంట కొడితేనే ఆఖరి ల్యాపు.

ఇప్పుడు కొంచెం కష్టమైన విషయం. గుంపు వచ్చింది, వెళ్లింది, మీవారు అందులో లేరు. ఈ క్షణం ప్రతి కుటుంబానికీ వస్తుంది. అప్పుడు గుండె జారిపోకుండా ఉండాలంటే మూడు కారణాలు ముందే తెలిసి ఉండాలి.

ఒకటి, పంక్చరో, చిన్న పడటమో జరిగి ఉండొచ్చు. క్రిట్ రేసుల్లో అలాంటివాళ్లకి మామూలుగా ఒక ల్యాపు వెసులుబాటు ఇస్తారు. రైడర్ రోడ్డు పక్కన ఉండే వీల్ పిట్‌కి వస్తే, చక్రం మార్చి, అఫీషియల్ చూసి, తర్వాతి చుట్టులో గుంపు వచ్చినప్పుడు మళ్లీ అందులో కలుపుతారు. రేసు చివరి ఎనిమిది కిలోమీటర్లలో మాత్రం ఈ వెసులుబాటు ఉండదు. కాబట్టి ఒకసారి కనబడకపోతే మొదట పిట్ వైపు చూడండి. పొద్దున్నే అది ఎక్కడుందో కనుక్కుని పెట్టుకోండి.

రెండు, గుంపు వేగం అందుకోలేక విడిపోయి ఉండొచ్చు. బాగా వెనకబడినవాళ్లని అఫీషియల్స్ విజిల్ వేసి పక్కకి తప్పిస్తారు. రోడ్డు మీద ఒంటరిగా ఉన్నవాణ్ని గుంపు వెనక నుంచి వచ్చి కలిస్తే ప్రమాదం, అందుకే ఆ పద్ధతి. మొదటి రేసులో ఇది చాలామందికి జరుగుతుంది, ఇప్పుడు పెద్ద విభాగాల్లో తొక్కుతున్నవాళ్లకీ మొదట్లో జరిగిందే.

మూడోది, పడిపోవడం. దాచిపెట్టి లాభం లేదు, క్రిట్ రేసుల్లో పడతారు. ఎక్కువసార్లు చర్మం గీరుకుపోవడంతో సరిపోతుంది, అప్పుడప్పుడు భుజం ఎముక విరుగుతుంది. పెద్దవాళ్లకి ఈ మాట ఇంటి దగ్గరే, నెమ్మదిగా చెప్పండి. అక్కడ చప్పుడు విని మొదటిసారి తెలుసుకోకూడదు. ఒక చిన్న క్లబ్బు రేసులో నేను మార్షల్‌గా ఉన్న మలుపులోనే నలుగురు పడ్డారు. అందులో ఒకతని తల్లి బారికేడ్ల సందులోంచి రోడ్డు మీదికి పరిగెత్తారు. గుంపు మళ్లీ రావడానికి ఇంకా నిమిషం కూడా లేదు. నేను ఆవిడని రెండు చేతులా పట్టుకుని పక్కకి తీసుకురావాల్సి వచ్చింది. ఆ తల్లి ముఖం నేను మర్చిపోలేదు. కొడుకుకి మోచేయి గీరుకుంది అంతే, కానీ ఆవిడ ఆ నిమిషంలో అక్కడే ఉంటే ఏమై ఉండేదో. ఏం జరిగినా రోడ్డు మీదికి వెళ్లకండి. దగ్గర్లో ఉన్న మార్షల్‌కి మీవారి నంబరు చెప్పండి. వాళ్ల దగ్గర రేడియో ఉంటుంది, కనుక్కుని చెబుతారు. ఇన్సూరెన్స్ కార్డు, ఆయన మందుల వివరాలు మీ బ్యాగులో ఉంచుకోండి.

రోడ్డు మాట వచ్చింది కాబట్టి ఇంకొన్ని జాగ్రత్తలు. 2021 జూన్ 26న టూర్ డి ఫ్రాన్స్ మొదటి స్టేజిలో ఒక ప్రేక్షకురాలు తాతా నానమ్మలకి పలకరింపు రాసిన అట్ట పట్టుకుని, టీవీ కెమెరా వైపు చూస్తూ రోడ్డు మీదికి ఒక్క అడుగు వంగింది. టోనీ మార్టిన్ అనే రైడర్ ఆ అట్టకి తగిలి పడ్డాడు, వెనక డజన్ల మంది కుప్పగా పడ్డారు. ఫ్రాన్స్ కోర్టు ఆమెకి 1,200 యూరోల జరిమానా వేసింది. ఆవిడ చెడ్డ ఉద్దేశంతో చేయలేదు, వచ్చేవాళ్లకి వీపు పెట్టింది అంతే. బారికేడ్ మీదుగా చేయి చాచి ఫోన్లో వీడియో తీయడం కూడా అలాంటిదే. రైడర్లు బారికేడ్‌కి జానెడు దూరంలో వెళ్తారు.

మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది గొడుగు గురించి. మే ఆఖర్లో ఎండ గట్టిగానే ఉంటుంది, పెద్దవాళ్లు గొడుగు తెరుస్తారు. బారికేడ్ పక్కన గొడుగు వద్దు. గుంపు దాటేటప్పుడు వచ్చే గాలికి అది చేతిలోంచి ఎగిరిపోగలదు. టోపీ పెట్టండి, నీడ ఉన్న వైపు నిలబడండి. పాప బంతిలాంటి దొర్లే వస్తువులేవీ తీసుకురాకుండా చూడండి. రోడ్డు దాటాలంటే మార్షల్ ఉన్న చోటే, అతను సరేనన్నాకే దాటండి. అత్తయ్యగారికి నడక నెమ్మదైతే గుంపు వెళ్లిన వెంటనే బయల్దేరండి. వెనకబడ్డ రైడర్లు విడివిడిగా వస్తుంటారని మర్చిపోకండి. మలుపు దగ్గర నిలబడేటప్పుడు మలుపు లోపలి వైపే నిలబడండి. అదుపు తప్పినవాళ్లు బయటి వైపుకే దూసుకెళ్తారు.

ఆఖరి ల్యాపులు. అందరూ ఫినిష్ లైను దగ్గరికే వెళ్తారు. అక్కడ జనం తలలు, కెమెరాలు తప్ప మీకేమీ కనబడదు. స్ప్రింటు, అంటే గెలుపు కోసం ఆఖర్లో ఒక్కసారిగా తొక్కే తొక్కుడు, లైను మీద మొదలవదు. ఆఖరి మలుపు నుంచి ఎవరు ఎన్నో స్థానంలో బయటికొచ్చారన్న దాంతో సగం తేలిపోతుంది. నేను చూసిన కొత్తవాళ్ల రేసుల్లో, ఆ మలుపులో పదిహేనో స్థానం తర్వాత ఉన్నవాళ్లు గెలవడం చాలా అరుదు. రెండు వందల మీటర్ల దగ్గర నిలబడితే, ముందున్నవాడి వెనక ఇంకా దాక్కున్నవాడు ఎప్పుడు బయటికి వస్తాడో, సీటు మీంచి ఎప్పుడు లేస్తాడో, సైకిల్ అటూ ఇటూ ఎలా ఊగుతుందో మీ కళ్లముందే జరుగుతుంది. ఎవరు గెలిచారో మైకులో ఎలాగూ చెబుతారు.

ఏమని అరవాలి అని కూడా అడిగారు. పేరు పెట్టి అరవండి, తెలుగులో అరవండి. అంత హోరులో ఇంగ్లీషు కేకలన్నీ కలిసిపోతాయి, మన భాష మాత్రం విడిగా చెవిన పడుతుంది. ఒక కుర్రాడు రేసయ్యాక నా దగ్గరికొచ్చి “అన్నా, ఆ మూలన ‘పద పద’ అన్నది మీరేనా?” అని అడిగాడు. అప్పటిదాకా అతనెవరో నాకు తెలియదు. జెర్సీ మీద పేరు చూసి అరిచానంతే. ఇంకొంచెం పనికొచ్చే మాట చెప్పాలనుకుంటే అంకెలు చెప్పండి, “ఎనిమిది సెకన్లు!” అని. “కుడికి రా, ఎడమకి పో” లాంటివి మాత్రం అనకండి, పక్కన ఎవరున్నారో మీకు కనబడదు. పాపకి ఒక చిన్న గంట కొనివ్వండి, సైకిల్ రేసుల్లో ఆవు మెడలో కట్టే గంటలు మోగించడం ఆనవాయితీ.

వీధులు మూసేస్తారు కాబట్టి కారు కొంచెం దూరంలో పెట్టి నడవాలి. ఊళ్లోనే న్యూజెర్సీ ట్రాన్సిట్ వాళ్ల రారిటన్ వ్యాలీ లైను స్టేషనుంది, కానీ ఎడిసన్ ఆ లైను మీద లేదు కాబట్టి మీకు కారే నయం. రెండు మడత కుర్చీలు తప్పనిసరి. అత్తమామల్ని అన్ని చోట్లకీ తిప్పకండి. మెయిన్ స్ట్రీట్‌లో నీడ చూసి కూర్చోబెట్టి, మీరు, పాప తిరగండి. బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడి పక్క ఊళ్లోనే కదా. మీవారి రేసు పొద్దున్నే అయిపోతే గుడికి వెళ్లి, అక్కడే క్యాంటీన్‌లో భోంచేసి మధ్యాహ్నం రేసులకి తిరిగి రావచ్చు. మేం చాలా ఏళ్లు అలాగే చేశాం.

తిరిగి రండి అని ఎందుకంటున్నానంటే, మీవారి రేసుతో వెళ్లిపోతే సగమే చూసినట్టు. ఈ రేసుని 1940లో ఈ ఊళ్లో సైకిల్ షాపు నడిపిన ఫ్రెడ్ కుగ్లర్ మొదలుపెట్టాడు, అందరూ ఆయన్ని పాప్ అని పిలిచేవారు. మొదటి రెండేళ్లు ఆయన కొడుకు ఫర్మన్ గెలిచాడు. 1942లో కార్ల్ ఆండర్సన్ గెలిచాడు. ఇద్దరూ రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయారు. యుద్ధం వల్ల ఆగిన రేసు 1947లో మళ్లీ మొదలైనప్పుడు ఆ ఇద్దరి పేర్లూ దానికి పెట్టారు. యుద్ధంలో పోయినవాళ్లని తలుచుకునే రోజున ఈ రేసు జరగడం నాకు ఎప్పుడూ ఊరికే జరిగినట్టు అనిపించదు. ఆడవాళ్ల రేసు ఆ ఇంటి ఆడపడుచు మిల్‌డ్రెడ్ కుగ్లర్ పేరు మీద జరుగుతుంది. పాపని ఆ రేసు తప్పకుండా చూడనివ్వండి. పెద్ద రేసు సంప్రదాయంగా యాభై మైళ్లు, అంటే 80 కిలోమీటర్లు. దాన్ని రెండు గంటల లోపే ముగిస్తారు. మీవారి రేసులో నేర్చుకున్న లెక్కంతా అక్కడ ఇంకా వేగంగా, ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

మీవారు లైను దాటగానే ఎదురెళ్లి “ఎన్నో స్థానం?” అని అడగకండి. మామయ్యగారికీ చెప్పండి. రేసయ్యాక చాలామంది ఇంకో చుట్టు మెల్లగా తొక్కి వస్తారు, నోట మాట రాదు, దగ్గు వస్తుంది. నీళ్లివ్వండి, పది నిమిషాలు ఆగండి. ఆయనే చెప్పడం మొదలుపెడతారు, ఆరో ల్యాపులో ఏం జరిగిందో కూడా. అప్పుడు “ఆ మలుపులో నువ్వు పన్నెండో స్థానంలో ఉన్నావు, తర్వాత ఇరవైకి జారావు, ఎందుకు?” అని మీరు అడగగలిగితే ఆయనకి అంతకన్నా సంతోషం ఉండదు.

వాన పడితే రేసు ఉంటుందా అన్నారు. మామూలు వానకి ఆపరు, పిడుగులు పడే సూచన ఉంటే నిలిపేస్తారు. తడి రోడ్డు మీద తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు జారతాయి, అలాంటి రోజు మలుపుకి ఇంకో పది అడుగులు ఎడంగా నిలబడండి. అందరికీ గొడుగుల బదులు రెయిన్‌కోట్లు తెచ్చుకోండి, పాపకి ఒక జత పొడి మేజోళ్లు అదనంగా పెట్టండి.